మాయమైందా? మాయం చేశారా?

'మై పర్స్ వాజ్ డిజప్పియర్డ్.' బస్సు దిగి జేబు తడుముకున్నాక మనవాళ్లలో చాలామంది ఇలాగే అంటారు. ఇది తప్పు. 'మై పర్స్ హాజ్ డిజప్పియర్డ్' అనాలి. నిన్నటి సంగతి చెబుతుంటే ఉత్త 'డిజప్పియర్డ్' చాలు, ముందు 'వాజ్' అక్కర్లేదు. డిజప్పియర్ అకర్మక క్రియ. కర్మ లేని క్రియకు పాసివ్ వాయిస్ ఉండదని హైస్కూల్లో చదువుకున్నదే కదా!

అసలు చిక్కు మన తెలుగుతోనే. పెన్ను 'మాయమైంది' అంటాం, వాడు పెన్ను 'మాయం చేశాడు' అనీ అంటాం. ఇంగ్లీషులో ఈ రెండోదానికి 'మేక్' సాయం కావాలి. 1983లో అమెరికా ఇంద్రజాలికుడు డేవిడ్ కాపర్‌ఫీల్డ్ టీవీలో స్టాట్యూ ఆఫ్ లిబర్టీని మాయం చేసి చూపించాడు. దాన్ని 'హి మేడ్ ద స్టాట్యూ డిజప్పియర్' అనాలి.

మరి 'వానిష్'? చాలాచోట్ల ఒకదాని బదులు ఇంకొకటి వాడొచ్చు. అయితే వానిష్‌లో ఠక్కున, ఆనవాలు లేకుండా పోవడం ఉంది. 'ఖాళీ' అనే అర్థమున్న లాటిన్ మాట దీనికి మూలం. సూర్యుడు మెల్లగా కొండచాటుకు వెళ్తే డిజప్పియర్. అప్పు తీసుకున్న పెద్దమనిషి పత్తా లేకుండా పోతే 'హి వానిష్డ్ ఇంటు థిన్ ఎయిర్'. పేపర్లో 'బాలుడి అదృశ్యం', 'వరదలో ఇద్దరు గల్లంతు' అని చదువుతుంటాం. వీటికి మాత్రం 'మిస్సింగ్' మేలు. పిల్లాడి కోసం ఎదురుచూస్తున్న ఇంట్లో వానిష్ అంటే గారడీ మాటలా ఉంటుంది, బాగోదు.

ఇంతకీ 'వాజ్ డిజప్పియర్డ్' ఎక్కడా ఒప్పు కాదా? ఒక్కచోట ఒప్పే.

1976లో అర్జెంటీనాలో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. 1983 దాకా సాగిన ఆ పాలనలో విద్యార్థుల్నీ, కార్మిక నాయకుల్నీ, ఇంకా ఎందరినో ఎత్తుకుపోయారు. అరెస్టు చేసినట్టు కాగితం ఉండదు, శవమూ దొరకదు. 1984లో విచారణ సంఘం 8,961 మంది లెక్క తేల్చింది. హక్కుల సంఘాలు 30,000 అంటాయి. 1977 ఏప్రిల్ 30న కొందరు తల్లులు రాజధాని బ్యూనస్ ఎయిరెస్‌లోని ప్లాజా డి మాయో కూడలికి వచ్చి, మా పిల్లలేరని అడిగారు. ఆ తర్వాత తలకు తెల్లగుడ్డ కట్టుకుని గురువారం గురువారం అక్కడే తిరిగారు. జవాబు చెప్పాల్సిన సైనికాధినేత విదేలా 1979లో విలేకరుల ముందు ఏమన్నాడంటే, వాళ్లు చనిపోయినవాళ్లూ కారు, బతికున్నవాళ్లూ కారు, అదృశ్యమైనవాళ్లు, అంతే! తమంతట తామే మాయమైనట్టు!

అందుకే 'హి డిజప్పియర్డ్' అంటే అక్కడ అబద్ధమవుతుంది. ఎవరో ఆ పని చేశారు. 'హి వాజ్ డిజప్పియర్డ్' అంటేనే ఆ సంగతి తెలుస్తుంది. వ్యాకరణం ఒప్పుకోకపోయినా ఇంగ్లీషు పత్రికలు, నిఘంటువులు ఒప్పుకున్నాయి. ఐక్యరాజ్యసమితి 2006లో చేసిన ఒడంబడికలో ఈ నేరానికి 'ఎన్‌ఫోర్స్‌డ్ డిజప్పియరెన్స్' అని పేరు పెట్టింది.

అలా పోయినవాళ్లను 'ద డిజప్పియర్డ్' అంటారు. 'ద పూర్' లాగే ఇదీ బహువచనం, పక్కన 'ఈజ్' కాదు, 'ఆర్' రాయాలి.