ఉప్పు ప్యాకెట్టు ఎన్నాళ్ళు వస్తోంది?

"ఉప్పు వేయించి వాడుకుంటే బి.పి.కి ఇబ్బంది లేదట గదా, డాక్టరుగారూ?" ఆసుపత్రికి వచ్చే రోగులు, వారి వెంట వచ్చే ఇల్లాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఇది. మూకుడులో వేయిస్తే ఉప్పులోని తేమ పోతుంది, అంతే. రక్తపోటును పెంచే సోడియం ఎక్కడికీ పోదు. ఉప్పు కరగాలంటేనే 800 డిగ్రీల వేడి కావాలి! సైంధవ లవణం సంగతీ ఇంతే. రంగు వేరు, ధర వేరు, లోపల ఉన్నది చాలా మటుకు ఆ సోడియం క్లోరైడే.

ఒంట్లో ఉప్పు ఎక్కువైతే దానికి తగ్గట్టు నీరూ నిలుస్తుంది. రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఉండదు, జ్వరం రాదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. పక్షవాతం వచ్చి మంచాన పడిన రోజునే తనకు బి.పి. ఉన్నదని తెలుసుకున్నవారిని ఎందరినో చూశాను.

పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే తలకొట్టిన ఒక టీస్పూను. చెంచాతో కొలుచుకుంటూ వండేవారెవరు అంటారా? సులువైన లెక్క ఒకటి చెబుతాను. ఈసారి ఉప్పు ప్యాకెట్టు విప్పిన తేదీని దాని మీదే రాసిపెట్టండి. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంట్లో కిలో ప్యాకెట్టు 50 రోజులు రావాలి. 25 రోజులకే ఖాళీ అయిందంటే తలకు 10 గ్రాములు పడుతున్నదన్నమాట. దిష్టి తీసే రాళ్ళ ఉప్పు ఇందులోకి రాదు లెండి! కాని కొని తెచ్చుకున్న పచ్చళ్ళు, అప్పడాలు, మిక్చరు, బిస్కెట్లు, హోటలు సాంబారులోని ఉప్పు ఈ లెక్కకు అదనం.

ఇక అసలు చోటుకు వద్దాం. మొదటి ముద్ద ఆవకాయతో, చివరి ముద్ద పెరుగులో మాగాయతో, మధ్యన పప్పులోకి ఊరమిరపకాయలు, వడియాలు. ఆవకాయలో కారం, ఆవపిండికి ఇంచుమించు సమానంగా ఉప్పు పోస్తామని మీకు తెలియనిది కాదు. పూర్తిగా మానమంటే నా మాట వినరని నాకూ తెలుసు. వారానికి ఒకసారి చిన్న ముక్క వేసుకోండి, ఊట మాత్రం కలుపుకోకండి. పెరుగన్నంలోకి ఉల్లిపాయో దోసకాయ ముక్కో నంజుకోండి. మజ్జిగలో ఉప్పు అలవాటు మానండి. కూరలో ఉప్పు తగ్గించి, దించాక నిమ్మరసం పిండితే లోటు తెలియదు. చింతపండు పెంచితే మాత్రం లాభం లేదు. పులుపు పెరిగిన కొద్దీ ఉప్పూ పెంచే చెయ్యి మనది.

ఇంటాయన ఒక్కడికే చప్పిడి కూర వేరుగా వండే పద్ధతి నాకు నచ్చదు. నాలుగు రోజులు తిని, అయిదో రోజున పక్కవారి కంచం వంక చూస్తాడు. ఇంటిల్లిపాదికీ వారానికి కాస్త చొప్పున తగ్గించుకు రండి. కొద్ది వారాల్లో నాలుక దానికే అలవాటు పడుతుంది. పిల్లలకూ మేలే.

తగ్గించేది ఉప్పు అయితే, పెంచవలసినవి కూరలు, పండ్లు. 1997లో అమెరికాలో వెలువడిన 'డాష్' పరిశోధనలో ఉప్పు మార్చకుండానే కూరలు, పండ్లు, వెన్న తీసిన పాలు, పెరుగు పెంచి, కొవ్వు తగ్గించి పెడితే, రక్తపోటు ఉన్నవారిలో పై అంకె సగటున 11 దాకా తగ్గింది. మన కంచంలో అన్నం గుట్ట, కూర రెండు చెంచాలు! అన్నం తగ్గించి, తోటకూర పప్పో, బీరకాయ కూరో, సొరకాయ కూరో గరిటెడు ఎక్కువ వేసుకోండి. రోజుకొక జామపండో అరటిపండో తినండి. వీటిలోని పొటాషియం ఉప్పును మూత్రం ద్వారా బయటికి పంపడానికి సాయపడుతుంది.

సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు ఇప్పుడు బజారులో దొరుకుతోంది. చైనాలో 600 గ్రామాల్లో ఇటువంటి ఉప్పు వాడించి చూస్తే పక్షవాతం సుమారు 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పొటాషియం ఒంట్లో నిలిచిపోయి గుండెకే ముప్పు తేవచ్చు. కొన్ని బి.పి. మాత్రలు కూడా పొటాషియంను పెంచుతాయి. డాక్టరును అడగకుండా ఆ ఉప్పు కొనవద్దు.

రెండు నెలలు ఇలా తిని, బి.పి. చూపించుకోండి. అంకె తగ్గిందని మీ అంతట మీరు మాత్ర మానకండి. తగ్గించాలా, అలాగే ఉంచాలా అన్నది మీ డాక్టరు చూసి చెబుతారు.