రేటుకు ఓటు సరే, కొలతకు ఓటేంటి?

ఆస్తి పన్ను మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది రాసే ముగింపు ఒకటే: "పన్ను మదింపును ప్రజల ఓటుకు పెట్టాలి." నేనూ అలాగే రాసేవాడిని. ఇప్పుడు ఆ వాక్యం తప్పంటున్నాను.

నేను సూరత్‌లో ఉండి ప్రిపేర్ అవుతున్నాను కాబట్టి ఉదాహరణ ఇక్కడిదే. మన తెలుగు నేత కుటుంబాలు ఎక్కువగా ఉండే లింబాయత్‌లో ఒక ఇల్లు అనుకోండి. కింద మరమగ్గాలు, పైన కాపురం. కార్పెట్ ఏరియా, ప్రాంతం, కట్టడం వయసు, వాడకం, ఉండేది యజమానా అద్దెదారా అన్నవాటిని బట్టి పన్ను లెక్క కడతారు. ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. చదరపు మీటరుకు రేటెంత? ఇది విధానం, ఓటుతో తేలాలి. ఇల్లు ఎన్ని మీటర్లు, ఎంతవరకు నివాసం? ఇది వాస్తవం, కొలిస్తే తేలుతుంది. 2021 కార్పొరేషన్ ఎన్నికల్లో 120 స్థానాలకు బీజేపీకి 93, ఆప్‌కు 27 వచ్చాయి. ఆ బలంతో రేటు మార్చొచ్చు, గోడ పొడవు మార్చలేరు.

మదింపును ఓటుకు పెడితే ఏమవుతుందో కాలిఫోర్నియా చూపించింది. 1978లో ప్రొపోజిషన్ 13కు ప్రజలు ఓటేశారు. ఆస్తి అమ్ముడయ్యేదాకా మదింపు విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదన్నారు. ఫలితంగా ఒకే వీధిలో, ఒకేలాంటి ఇళ్లలో, పాత యజమాని కంటే కొత్తగా కొన్నవాడు ఎన్నో రెట్లు కట్టాల్సి వచ్చింది.

"రాష్ట్ర పర్యవేక్షణ అంటే 74వ సవరణకు తూట్లు పొడవడమే" అంటారు కొందరు. రాష్ట్రం బయటెక్కడుంది? భూములు, భవనాల పన్ను రాష్ట్ర జాబితాలో 49వ అంశం. మున్సిపాలిటీకి ఆ అధికారం 243ఎక్స్ కింద శాసనసభ చట్టం ద్వారానే వస్తుంది. కమిషనర్‌ను నియమించేదీ రాష్ట్రమే. లేనిది రాష్ట్ర జోక్యం కాదు, వసూలు చేసేవాడికి సంబంధం లేని తనిఖీ.

అది లేకపోతే నష్టపోయేది చిన్నవాడు. అహ్మదాబాద్‌లో మిల్లులన్నిటికీ విస్తీర్ణాన్ని బట్టి ఒకే రేటున మదింపు చేస్తే, న్యూ మానెక్ చౌక్ కేసులో సుప్రీంకోర్టు 1967లో 14వ అధికరణ కింద కొట్టేసింది. మిల్లు యజమాని కాబట్టి ఢిల్లీ దాకా వెళ్లగలిగాడు. 1975లో అనంత్ మిల్స్ కేసులో అదే కోర్టు, అప్పీలు వినాలంటే ముందు పన్ను డిపాజిట్ చేయాలన్న నిబంధనను సమర్థించింది. జడ్జి ఇవ్వగల సడలింపు 25 శాతమే. సూరత్‌కూ వర్తించే చట్టమే అది. నాలుగు మగ్గాలవాడు ముందు డబ్బు కట్టి, తర్వాత న్యాయం అడగాలా?

పశ్చిమ బెంగాల్ 1978లోనే వాల్యుయేషన్ బోర్డు చట్టం తెచ్చింది. ఆ తరహా బోర్డులను 13వ ఆర్థిక సంఘం రాష్ట్రాలన్నిటికీ సూచించింది. బోర్డు రిటైరైన అధికారుల విడిది అవుతుందన్న భయం న్యాయమే. దానికి మందు కూడా ఉంది: ప్రతి ఇంటి కొలత, వాడకం, లెక్క వీధివారీగా ప్రచురించాలి. పక్కింటి లెక్క కనిపిస్తే తప్పు దాగదు.

కాబట్టి నా ముగింపు మార్చుకున్నాను. రేటు ఎన్నికైనవారిది. మదింపు స్వతంత్ర బోర్డుది. వివాదం లేని మొత్తం కడితే చాలు, అప్పీలు వినాలి.

సాధన ప్రశ్న: "స్థానిక స్వపరిపాలనకు రాష్ట్ర పర్యవేక్షణ విరుద్ధమా?" ఆస్తి పన్ను ఆధారంగా 250 పదాల్లో రాయండి. నాతో విభేదిస్తే కారణంతో సహా రాయండి.