బీరు నుంచి వైన్‌కు: పరికరాల ఎంపికలో గృహ తయారీదారులు పాటించవలసిన క్రమం

అమెరికాలో ఇంటి వాడకానికి బీరు తయారు చేసుకోవడాన్ని అనుమతించే చట్టంపై అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరులో సంతకం చేశారు. 1979 ఫిబ్రవరి నుంచి అది అమలులోకి వచ్చింది. ఒకే వయోజనుడున్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉన్న ఇంట్లో 200 గ్యాలన్ల వరకు అమ్మకానికి కాకుండా తయారు చేసుకోవచ్చు. వైన్‌కు కూడా ఇదే పరిమితి వర్తిస్తుంది. అక్కడ స్థిరపడిన తెలుగువారిలో కూడా ఈ అభిరుచి గలవారు లేకపోలేదు. కొన్నేళ్ళు బీరు చేసి చేయి తిరిగినవారు ద్రాక్ష పండే కాలం రాగానే వైన్ వైపు మొగ్గడం సహజం. అప్పుడు ఏ పరికరాలు కొనాలి, ఉన్నవాటిలో ఏవి పనికివస్తాయి అనే ప్రశ్న ఎదురవుతుంది.

ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినవస్తాయి. రెండూ పులియబెట్టే పనులే కనుక కొత్తగా ఏమీ అక్కరలేదని కొందరు అంటారు. వైన్ వేరే విద్య కనుక పిండే యంత్రం, ఓక్ పీపా సహా అన్నీ కొత్తగా కొనాలని మరికొందరు అంటారు. ఈ రెండు సమాధానాలూ సరైనవి కావు. మొదటిది సరుకును పాడుచేస్తుంది. రెండవది డబ్బును వృథా చేస్తుంది. ముందుగా కొలిచే సాధనాలు, ఆ తరువాత గాలి చొరబడకుండా నిండుగా ఉంచగల పాత్రలు, చివరగా మాత్రమే యంత్రాలు కొనడం హేతుబద్ధమైన క్రమం.

రెండు పానీయాలు, రెండు ప్రమాదాలు

లూయీ పాశ్చర్ వైన్‌పై తన అధ్యయనాన్ని 1866లోను, బీరుపై అధ్యయనాన్ని 1876లోను ప్రచురించారు. ఒకే శాస్త్రవేత్త ఒకే కిణ్వన శాస్త్రంపై రెండు వేర్వేరు గ్రంథాలు రాయవలసి వచ్చిందంటే ఈ రెండు పానీయాల సమస్యలు వేరన్న సంగతి గ్రహించాలి.

బీరు తయారీలో మాల్టు కషాయాన్ని సుమారు గంటసేపు మరిగిస్తారు. దానితో అందులోని సూక్ష్మజీవులు దాదాపుగా నశిస్తాయి. హాప్స్ పూలలోని చేదు పదార్థాలు కొన్ని రకాల బాక్టీరియాను అడ్డుకుంటాయి. ప్రమాదమంతా కషాయం చల్లారిన క్షణం నుంచి ఈస్ట్ పుంజుకునే వరకు ఉంటుంది. అందుకే బీరు తయారీదారు తన డబ్బును, శ్రద్ధను మరిగించే పాత్రపైన, త్వరగా చల్లార్చే చుట్టపైన, శుభ్రతపైన పెడతాడు. సాధారణ బీరు కొద్ది వారాల్లో తాగడానికి సిద్ధమవుతుంది. ఒక విడత చెడిపోతే మరుసటి వారమే మరో విడత మొదలుపెట్టవచ్చు.

వైన్ విషయంలో ద్రాక్ష గుజ్జును మరిగించరు. దానిని మొదట కాపాడేది దానిలోని సహజ ఆమ్లత. పులియడం పూర్తయ్యాక 6 నుంచి 18 నెలలపాటు అది పాత్రలో నిలువ ఉండాలి. ఇంతకాలం దానికి ప్రధాన శత్రువు గాలిలోని ఆక్సిజన్. గాలి తగిలితే రంగు, వాసన దెబ్బతినడమే కాక, వినెగార్ బాక్టీరియా ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఉదయం దించిన కల్లు సాయంత్రానికే పులుపెక్కడం చూసినవారికి పులిసే ద్రవం ఎంత వేగంగా మారుతుందో చెప్పనక్కరలేదు. పైగా ద్రాక్ష ఏడాదికి ఒకసారే కోతకు వస్తుంది. చెడిపోయిన వైన్‌తోపాటు ఒక ఏడాది కూడా పోతుంది. బీరు ప్రమాదం ఆరంభంలో ఉంటే వైన్ ప్రమాదం ప్రధానంగా నిలువలో ఉంటుంది. పరికరాల ఎంపిక ఈ తేడాను అనుసరించాలి.

మొదటి ఖర్చు కొలతకు

పీహెచ్ అనే ఉదజని సూచికను 1909లో ప్రతిపాదించిన సోరెన్ సోరెన్‌సెన్ కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు సంస్థ ప్రయోగశాలలో పనిచేసేవారు. 1934లో కాలిఫోర్నియాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ రూపొందించిన పీహెచ్ మీటరు నిమ్మజాతి పండ్ల రసాల ఆమ్లతను కొలిచే అవసరం నుంచి పుట్టింది. బీరు ప్రయోగశాలలో పుట్టిన కొలమానం, పండ్ల రసం కోసం తయారైన సాధనం ఇంటి వైన్ తయారీలో ఒకచోట కలుస్తున్నాయి. అయినా చాలామంది కొనుగోలు జాబితాలో ఈ మీటరు చివరన ఉంటుంది.

ఇది మొదట ఉండవలసిన కారణం ఒక్క లెక్కతో తెలుస్తుంది. వైన్‌ను కాపాడడానికి కలిపే సల్ఫర్ డయాక్సైడ్‌లో సూక్ష్మజీవులను సమర్థంగా నిరోధించేది అణురూపంలో ఉండే కొద్ది భాగమే. ఆ భాగం ఎంతో నిర్ణయించేది ఉదజని సూచిక. లీటరుకు 0.8 మి.గ్రా. అణురూప సల్ఫర్ డయాక్సైడ్ కావాలంటే సూచిక 3.2 ఉన్న వైన్‌లో లీటరుకు సుమారు 20 మి.గ్రా. స్వేచ్ఛా సల్ఫర్ డయాక్సైడ్ సరిపోతుంది. సూచిక 3.5 అయితే 40 మి.గ్రా., 3.8 అయితే దాదాపు 80 మి.గ్రా. అవసరం. నాలుకకు ఈ తేడా స్పష్టంగా తెలియదు. రంగు కాగితం కూడా ఎర్రని రసంలో నమ్మదగిన ఫలితం ఇవ్వదు. కనుక మీటరు, దానిని సరిచూసుకునేందుకు 4, 7 సూచికల ప్రామాణిక ద్రావణాలు తప్పనిసరి. మాల్టు నానబెట్టే దశలో 5.2 నుంచి 5.6 మధ్య కొలిచేందుకు ఇదివరకే మీటరు కొన్న బీరు తయారీదారు కొత్తది కొననక్కరలేదు. ఎలక్ట్రోడ్ ఎండిపోకుండా ఉందో లేదో చూసుకుంటే చాలు.

రెండవ సాధనం సున్నితమైన త్రాసు. 19 లీటర్ల వైన్‌కు లీటరుకు 50 మి.గ్రా. చొప్పున సల్ఫర్ డయాక్సైడ్ అందించడానికి సుమారు 1.65 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్ కావాలి. గ్రాముల లెక్కన మాత్రమే చూపే వంటింటి త్రాసు దీనికి పనికిరాదు, 0.01 గ్రాము వరకు చూపే చిన్న త్రాసు కావాలి. చెంచాతో అంచనా వేసి కలిపేవారు అవసరానికి రెండింతలు వేయవచ్చు, సగమూ వేయవచ్చు. ఈ పొడి నుంచి వెలువడే వాయువు ఉబ్బసం ఉన్నవారికి హానికరం కనుక గాలి ఆడే చోట తూచాలి.

మూడవది మొత్తం ఆమ్లతను తెలిపే టైట్రేషన్ సామగ్రి. వ్యవసాయ విద్యార్థులకు సుపరిచితమైన బ్యూరెట్టు, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఇందుకు చాలు. హైడ్రోమీటరు బీరు తయారీదారు దగ్గర ఎలాగూ ఉంటుంది. బీరు కషాయం సాంద్రత సాధారణంగా 1.040–1.060 మధ్య ఉంటే ద్రాక్ష రసం 1.090 దాటి మొదలై, పులియడం పూర్తయ్యాక 1.000 కంటే దిగువకు చేరుతుంది. ఆ పరిధి తమ హైడ్రోమీటరుపై ఉందో లేదో చూసుకోవాలి. పులియడం మొదలయ్యాక ఆల్కహాలు వల్ల రిఫ్రాక్టోమీటరు చూపే అంకెను సవరణ లేకుండా నమ్మరాదు.

రెండవ ఖర్చు నిండు పాత్రలకు

బీరు కోసం వాడే ప్లాస్టిక్ బకెట్టు పరిమాణం సుమారు 25 లీటర్లు. అందులో పోసే కషాయం 19 లీటర్లు. పైకి పొంగే నురగ కోసం ఆ 6 లీటర్ల ఖాళీ అవసరం. పులిసేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ ఆ ఖాళీని కప్పి ఉంచుతుంది. పులియడం ఆగాక అదే ఖాళీలోకి క్రమంగా గాలి చేరుతుంది. వైన్‌ను ఆ బకెట్టులో నెలల తరబడి ఉంచడం దానిని చేతులారా పాడుచేసుకోవడమే.

తెలుగు ఇళ్ళలో ఆవకాయ జాడీలో ముక్కలపై నూనె తేలేలా చూడడం వెనుక ఉన్న సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది: నిలువ ఉండే సరుకుకు పైన గాలి తగలరాదు. వైన్‌ను మెడ సన్నగా ఉండే గాజు కార్బాయ్‌లో మూత కింద రెండు మూడు సెంటీమీటర్ల వరకు నింపి ఉంచాలి. మడ్డి నుంచి తేట ద్రవాన్ని వేరుచేసిన ప్రతిసారీ కొంత తగ్గుతుంది. 19 లీటర్లు 17 అయినప్పుడు అదే పాత్ర ఇక పనికిరాదు. అందుచేత ఒక పెద్ద కార్బాయ్ కంటే 11 లీటర్లు, 4 లీటర్లు, 2 లీటర్ల పాత్రలు, కొన్ని 750 మి.లీ. సీసాలు కలిసి ఎక్కువ ఉపయోగకరం. బీరు పట్టుకెళ్ళడానికి వాడే 1.9 లీటర్ల గాజు కూజాలు ఈ పనికి చక్కగా సరిపోతాయి. నిండిన 19 లీటర్ల గాజు కార్బాయ్ బరువు 25 కిలోలకు చేరుతుంది. తడి చేతులతో ఎత్తేటప్పుడు అది పగిలితే తీవ్రమైన గాయాలు కావచ్చు కనుక మోయడానికి పట్టీలు గాని, క్రేటు గాని ఉండాలి.

బీరు తయారీదారు దగ్గర ఉన్నవాటిలో వైన్‌కు అత్యంత విలువైనది స్టెయిన్‌లెస్ స్టీలు కెగ్గు. రబ్బరు వలయాలు మార్చి, జడవాయువుతో గాలిని తరిమివేస్తే అది మంచి నిలువ పాత్ర అవుతుంది. కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువ పీడనంతో నింపితే అది వైన్‌లో కరిగి నాలుకపై చురుక్కుమంటుంది కనుక ఆర్గాన్ లేదా నైట్రోజన్ మేలు.

వెంట తెచ్చుకోదగినవి, వదిలివేయవలసినవి

బీరు కషాయాన్ని చల్లార్చే రాగి చుట్ట, ఇత్తడి కుళాయిలు, అల్యూమినియం గిన్నెలు వైన్‌కు తగవు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు ఉంచరాదని తెలుగు గృహిణులందరికీ తెలుసు. ద్రాక్ష రసం కూడా అటువంటి ఆమ్ల ద్రవమే. ఇనుము, రాగి కరిగి చేరితే వైన్ మసకబారుతుంది, రుచి చెడుతుంది. స్టీలు, గాజు, ఆహారానికి తగిన ప్లాస్టిక్ మాత్రమే వాడాలి.

హాప్స్ వాసన పట్టిన మెత్తని గొట్టాలను వైన్‌కు వాడరాదు. పుల్లని బీరు కోసం బ్రెట్టనోమైసిస్ అనే ఈస్ట్‌ను కావాలని వాడినవారు ఆ ప్లాస్టిక్ సామానునంతా వైన్ గదికి దూరంగా ఉంచాలి. ఆ బీరులో కోరుకున్న వాసనే వైన్‌లో దోషంగా మారుతుంది. క్లోరిన్ కలిసిన బ్లీచింగ్ ద్రావణాలు కొయ్య, బెరడు బిరడాలతో కలిసినచోట బూజు వాసనకు దారితీస్తాయి కనుక వాటిని మానాలి. బీరుకు వాడే ఆమ్ల ఆధారిత శుద్ధి ద్రావణాలు వైన్‌కూ పనికివస్తాయి. ఉష్ణోగ్రత నియంత్రణ అమర్చిన పాత ఫ్రిజ్ ఉంటే 12–18 డిగ్రీల మధ్య పులియవలసిన తెల్ల వైన్‌కు అది వరం.

యంత్రాలు చివరకు

19 లీటర్ల ఎర్ర వైన్‌కు సుమారు 36 నుంచి 40 కిలోల ద్రాక్ష కావాలి. తొక్కలతో కలిసిన ఆ గుజ్జు పైకి తెట్టుగా లేస్తుంది కనుక ఒక్క బీరు బకెట్టు చాలదు; మూడు బకెట్లలో పంచితే సరిపోతుంది. తొడిమలు తీయడానికి చేతులు చాలు. పిండే యంత్రం ఏడాదిలో ఒక్కరోజు వాడేది. అమెరికాలో ఈ సామగ్రి అమ్మే దుకాణాలు చాలావరకు దానిని అద్దెకిస్తాయి. తొలి ఏడాదిలో ద్రాక్షకు బదులు తెల్ల ద్రాక్ష రసం తెచ్చుకుంటే యంత్రమే అక్కరలేదు.

ఓక్ పీపాపై మోజు అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. 225 లీటర్ల పీపాతో పోలిస్తే 20 లీటర్ల పీపాలో లీటరుకు తగిలే కొయ్య ఉపరితలం రెండింతలకు పైగా ఉంటుంది. అందులో కొద్ది నెలల్లోనే కొయ్య రుచి పండు రుచిని మింగేస్తుంది. గాలి కూడా ఎక్కువ చేరుతుంది. నిండు గాజు పాత్రలో ఓక్ ముక్కలు వేసి, రుచి చూసి తీసివేయడం చౌక, క్షేమం. సీసాల విషయంలో బీరు సీసాకు లోహపు మూత బిగించినా నిశ్చల వైన్ చక్కగా నిలుస్తుంది. తీపి మిగిలిన వైన్ మాత్రం సీసాలో మళ్ళీ పులిస్తే ఎటువంటి సీసా అయినా ప్రమాదకరమే.

తరతరాలుగా మీటర్లు లేకుండానే వైన్ చేసిన రైతులు ఉన్నారు కదా అనే అభ్యంతరం రావచ్చు. అది నిజమే. అయితే వారు ఒకే తోట పండును, ఒకే నేలమాళిగలో, తండ్రి తాతల అనుభవంతో చేశారు. అంగడిలో ఈ ఏడాది ఒక ప్రాంతపు ద్రాక్షను, వచ్చే ఏడాది మరో ప్రాంతపు ద్రాక్షను కొనేవారికి ఆ అనుభవం లేదు. ఆ లోటును కొలత మాత్రమే కొంతవరకు పూరిస్తుంది.

తెలుగు రాష్ట్రాలలో

భారత రాజ్యాంగం ప్రకారం మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అనుమతి లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం ఎక్సైజు చట్టాల కింద నేరం. కనుక పై సూచనలు అనుమతి ఉన్న దేశాల్లోని తెలుగువారికి మాత్రమే నేరుగా వర్తిస్తాయి. అయితే అనుమతి పొందిన చిన్న యూనిట్లు నెలకొల్పదలచినవారికి, కోతానంతర సాంకేతికత చదివే విద్యార్థులకు ఇదే క్రమం ఉపయోగపడుతుంది. మామిడి, నేరేడు వంటి పండ్లలో చక్కెర, ఆమ్లత రకాన్ని బట్టి, పక్వతను బట్టి ఎంతో మారుతాయి. తినడానికి సాగుచేసే థామ్సన్ సీడ్‌లెస్ వంటి ద్రాక్ష కూడా వైన్ రకాల వలె ప్రవర్తించదు. అటువంటి సరుకుతో పనిచేసేచోట నిధులను పెద్ద ట్యాంకులకు, యంత్రాలకు కేటాయించి ప్రయోగశాలకు చివర మిగిలింది ఇవ్వడం తగదు. ముందుగా ఒక మంచి పీహెచ్ మీటరు, టైట్రేషన్ బల్ల, సున్నితమైన త్రాసు సమకూర్చుకొని, వేర్వేరు పరిమాణాల పాత్రలలో చిన్న విడతలు చేసి, వాటి ఫలితాలను బట్టి పెద్ద యంత్రాల పరిమాణాన్ని నిర్ణయించుకోవాలి.