జ్ఞానస్నానమా, వట్టి స్నానమా?

మార్గశిరము ప్రవేశించుసరికి తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతముల కతోలిక గృహములమీద కాగితపు నక్షత్రములు వెలుగుచుండును. క్రిస్మసునకు ముందు నాలుగు ఆదివారములతో గూడిన ఈ దినములకు ఆగమన కాలమని పేరు. గురువులు ఊదావర్ణపు వస్త్రములు ధరింతురు. ప్రసంగములలో పశ్చాత్తాపమను మాట తరచుగా వినబడును. దుప్పట్ల పంపకములును, అన్నదానములును, వానితోపాటు ఛాయాచిత్రములును ఈ నెలలోనే సమృద్ధిగా జరుగును. చూచువారు ఎంత పరోపకారమని మెచ్చుకొందురు. నేను మెచ్చుకొనజాలకున్నాను. కతోలిక కుటుంబమున బుట్టి పసితనముననే జ్ఞానస్నానము పొందినవాడను గనుక, ఇంటి లోపము ఇంటివాడే చెప్పుట న్యాయమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మూడేండ్లకొకమారు ఆగమన కాలపు మూడవ ఆదివారమున లూకా సువిశేషము మూడవ అధ్యాయములోని ఒక ఘట్టము మన దేవాలయములలో చదువబడును. 2024వ సంవత్సరమున డిసెంబరు 15వ తేదీని చదివిరి. యోర్దాను ప్రాంతమున స్నానమిచ్చుచున్న యోహానును సమీపించి జనులు తమ కర్తవ్యమేమని యడిగిరి. ఎన్ని జపములు చేయవలెనో ఆయన చెప్పలేదు. రెండంగీలు గలవాడు లేనివానికొకటి ఈయవలెననెను. సుంకరులు వచ్చి యడుగగా, విధించినదానికంటె హెచ్చుగా వసూలు చేయవద్దనెను. సైనికులడుగగా, ఎవరినీ బెదిరించి సొమ్ము లాగక తమ జీతముతో తృప్తిపడుడనెను. ప్రశ్న యొకటి, ఉత్తరములు మూడు. మొదటిది దానము, తక్కిన రెండును న్యాయము. మనమో మొదటి ఉత్తరమును దుప్పటిగా మార్చుకొంటిమి; తక్కిన రెంటిని వినకయే దేవాలయము వెలుపలికి వచ్చితిమి.

ఆ రెండు ఉత్తరములును మన సీమకెంత యవసరమో చూడుడు. కృష్ణా పశ్చిమ డెల్టాలో వరికోతల కాలమును, తుపానుల కాలమును, ఆగమన కాలమును ఒకదానినొకటి అంటియుండును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన రేపల్లె, బాపట్ల ప్రాంతములనుగూడ విడువలేదు. ఆ యుపద్రవమున పదివేలకు తక్కువగాక ప్రాణములు పోయినవి. ఎనిమిదవ దినముననే ఆ యేటి ఆగమన కాలము ఆరంభమయ్యెను. 2023వ సంవత్సరమున ఆగమన కాలము డిసెంబరు 3న మొదలయ్యెను. 5వ తేదీని మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటెను. కోసిన పనలు నీటిలో నానినవి. కోయని చేలు నేలకొరిగినవి.

ఆ తుపాను వెడలిన పిమ్మట నా తరగతిలోని బాలుడొకడు కొన్నాళ్లు బడికి రాలేదు. తండ్రి కౌలుదారు. నేను వారి గ్రామమునకు బోయి విచారించితిని. పంట పోయినది, ఎకరమునకిన్ని బస్తాలని ముందు మాటాడుకొన్న కౌలు మాత్రము పోలేదు. భూయజమాని కతోలికుడే. అంతేకాదు, ఆ బాలునకు జ్ఞానస్నానమునాడు జ్ఞానతండ్రిగా నిలిచినవాడు. తుపాను తెచ్చినది తాను కాదు గనుక కౌలు తగ్గింపనని ఆయన చెప్పెనట. భార్య మెడలోని గొలుసు కుదువబెట్టి ఆ తండ్రి కౌలు చెల్లించెను. క్రిస్మసు సెలవుల తరువాత బాలుడు బడికి వచ్చి, "మా జ్ఞానతండ్రిగారు మాకు దుప్పటి ఇచ్చారండీ" అని సంతోషముతో చెప్పెను. ఆ సంతోషము చూచి నేను తలవంచుకొంటిని.

ఆ యజమాని క్రూరుడనుట నా యుద్దేశము కాదు. ఆయన మనలో నొకడు. దుప్పటి యిచ్చునప్పుడు ఆయన మనస్సు నిజముగనే కరిగియుండును. ఆ మనస్సు కౌలులెక్క వ్రాయునప్పుడు ఏల కరుగలేదనునదే నా ప్రశ్న. గొలుసు తీసికొని దుప్పటి యిచ్చుటను ఉపకారమని పిలువవచ్చునా?

ఇంకొక సంగతి వినుడు. 2019లో మన రాష్ట్రమున వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు పదకొండు నెలల కార్డునొకదానిని ఏర్పరచినది. కాని దానికి యజమానితో ఒడంబడికను, అతని సంతకమును కావలెననినది. కార్డు లేనివానికి బ్యాంకు అప్పును, నష్టపరిహారమును దొరకుట కష్టము. కార్డువలన భూమిపై కౌలుదారునకు హక్కు కలుగదని ఆ చట్టమే చెప్పినను, భూమి చేజారునను భయముచే సంతకము పెట్టనివారు అనేకులు. నూరు దుప్పట్లకంటె అట్టి సంతకమొకటి మేలు. దానికి ఛాయాచిత్రము తీయువాడుండడు. అదియొక్కటే దానికున్న కొరత!

జ్ఞానస్నానమనగా నేమి? మన ప్రాచీన సంప్రదాయమున విద్య ముగించి స్నానమాడినవానిని స్నాతకుడందురు. ఆ స్నానముతో వాని భారము దిగదు. గృహస్థధర్మ భారము తలకెక్కును. కతోలికుల జ్ఞానస్నానమును అట్టిదే. శిశువునకు తెల్లని వస్త్రము తొడిగి, వెలిగించిన క్రొవ్వొత్తిని పెద్దల చేతికిత్తురు. తల్లిదండ్రులును, జ్ఞానతల్లిదండ్రులును అందరియెదుట మాట యిత్తురు. ఆ మాటను పుస్తకములో వ్రాసి మరచుటకా యిచ్చినది?

ఆ నీటికి కులము లేదు. 1983 నాటి ధర్మశాస్త్రము ప్రకారము ప్రాణాపాయ సమయమున ఎవరైనను, క్రైస్తవుడు కానివాడు సైతము, శ్రీసభ యుద్దేశముతో నీరు పోసి జ్ఞానస్నాన మీయవచ్చును. నమోదు పుస్తకమున వ్రాయవలెనని ఆ శాస్త్రము చెప్పిన వివరములలో తల్లిదండ్రుల పేరులున్నవి, సాక్షుల పేరులున్నవి, స్థలమును తేదీయు నున్నవి, కులము లేదు. ఏ కులమువాడు, ఏ మతమువాడు పోసినను చెల్లు నీటితో జీవితము నారంభించినవాడు, పెండ్లిమాటలనాడు కులము వెదకుటయు, శ్మశానమున గోడ కట్టుకొనుటయు ఎంత విపరీతము! ఇది వైరులు కల్పించిన నింద కాదు. భారత కతోలిక పీఠాధిపతులే 2016 డిసెంబరులో వెలువరించిన దళిత సాధికారతా విధానమున సంఘమునందు కులభేదమింకను గలదని ఒప్పుకొనిరి. 2022 ఆగష్టు 27న పూల అంతోనిగారు కార్డినలు పదవి నందిరి. తెలుగువారిలోను, దళితులలోను ఆ పదవికి వచ్చిన ప్రథములు వారే. అందరమును గర్వించితిమి. కాని రోములో ఎఱ్ఱటోపీ చూచి చప్పట్లు కొట్టిన చేతులు, మన యూరి పెండ్లిపందిటిలో ఏల ముడుచుకొనుచున్నవి?

నా మాటకు మూడాక్షేపణలు విన్నాను. దానము చేయువారిని నిరుత్సాహపరుపరాదని యొకరు. దానము మానుడని నేననలేదు. చలికి వణకువానికి దుప్పటి కావలసినదే. అన్యాయమునకు దుప్పటి కప్పవలదని మాత్రమే నా మాట. కౌలు, కూలి, వడ్డీ లోకవ్యవహారములనియు, దేవాలయమునకు వానితో పనిలేదనియు మఱియొకరు. అట్లయినచో యోహాను సుంకపు మాట యేల యెత్తెను? కులము మన దేశాచారమని మూడవవారు. సతీసహగమనమును దేశాచారమే యనిరి. 1829లో దానిని నిషేధించిన తరువాత దేశమునకేమి లోటు వచ్చినది?

ఈ మాటలు కతోలికులకే చెందునని హైందవ సోదరులు గాని, ముసల్మాను సోదరులు గాని భావింపకుందురుగాక. పండుగనాడు చేయి జాచి, మఱునాడు పిడికిలి బిగించుట ఒక్క మతపు జాడ్యము కాదు.

చదువరులారా! రాబోవు ఆగమన కాలమున మీ యింటిపై నక్షత్రము కట్టుటకు ముందు ఇంటిలోని లెక్కల పుస్తకము తెరచి చూడుడు. తుపానుకు పంట పోయిన కౌలుదారునకు కౌలులో భాగము విడువుడు. అతని కార్డుపై సంతకము పెట్టుడు. ఇంటిలో పనిచేయు ఆమెకు పండుగ చీర యిచ్చుటకు ముందు, జ్వరముతో రాని దినములకు కోసిన జీతము తిరిగి యిండు. మీరు జ్ఞానతండ్రిగానో, జ్ఞానతల్లిగానో నిలిచిన బిడ్డ ఏ తరగతి చదువుచున్నదో, అసలు చదువుచున్నదో లేదో కనుగొనుడు. ఇవన్నియు చేసిన పిదప దుప్పటి మిగిలినచో అదియు నిండు. పుచ్చుకొనువాడు తలయెత్తి పుచ్చుకొనును.