ప్రోగ్రాం ఆగితే తప్పెవరిది?

విద్యార్థులారా! కమాండ్ ప్రాంప్ట్‌లో నడుస్తున్న ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతే వెంటనే కంప్యూటర్‌ను కట్టేయకండి. మా బడిలో ఒకసారి ఇలాగే జరిగితే, ప్రోగ్రాం రాసిన కుర్రవాణ్ణి నేను మందలించాను. తీరా చూస్తే తప్పు నాదే! పాఠం చెబుతూ ఆ నల్లని తెరమీద మౌస్ నొక్కింది నేనే. విండోస్ 10లో మామూలుగా అలా నొక్కితే, మనం అక్షరాలను ఎంచుకుంటున్నామని భావించి కంప్యూటర్ తెరమీద రాయడం ఆపుతుంది. రాయడానికి వీలులేక ప్రోగ్రామూ నిలిచిపోతుంది. విండో పైన ‘సెలెక్ట్’ అన్న మాట కనిపించడమే ఇందుకు గుర్తు. ఎస్కేప్ మీట నొక్కితే పని మళ్ళీ సాగుతుంది.

ఆగిన ప్రోగ్రాం మన జవాబు కోసం కాచుకొని ఉందా, పెద్ద లెక్కలో మునిగి ఉందా, లేక మనమే ఆపామా? ఒక్కొక్కటిగా పరీక్షించండి. పరీక్షించకుండా నింద వేయడం శాస్త్రీయ దృష్టి కాదని నా అభిప్రాయం. ఆ కుర్రవాడికి తరగతి ముందే క్షమాపణ చెప్పుకున్నాను.