కుట్ర యను ముద్ర

నేటి బహిరంగ చర్చలలో నొక క్రొత్త బ్రహ్మాస్త్రము బయలుదేఱినది. "ఈ కాగితము నేల దాచితిరి?" అని పౌరుడు అధికారి నడిగినచో, కాగితము చూపుటకు మాఱుగా "నీవు కుట్ర సిద్ధాంతివి" యను జవాబు వచ్చుచున్నది. అంతటితో అడిగినవాడు నవ్వులపాలగును, ప్రశ్న మూలబడును. నరసరావుపేట, గురజాల, మాచెర్ల పఠనాలయములందు పత్రికలు చదివి తర్కించు సోదరులు ఈ మాట వినియే యుందురు. కొందఱు వాడియు నుందురు. ఇది ప్రశ్నకు సమాధానము కాదనియు, సమాధానము నెగవేయు నుపాయమనియు మేము ప్రజలకు విన్నవింపదలచితిమి.

మొదట న్యాయశాస్త్రము మాట చెప్పుదుము. కుట్ర యనునది మతి చెడినవారి కల కాదు. 1913లో భారత శిక్షాస్మృతియందు 120-ఏ, 120-బి సెక్షనులను చేర్చి దానిని ప్రత్యేక నేరముగా నెంచినది బ్రిటిషు ప్రభుత్వమే. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 61వ సెక్షనుగా ఆ నేరము నేటికిని నిలిచియున్నది. ఇట్లుండ, ప్రభుత్వము ప్రజలపై కుట్ర నారోపించినచో నది కేసు; ప్రజలు ప్రభుత్వముపై నారోపించినచో నది పిచ్చి! ఇది యెక్కడి న్యాయము? న్యాయస్థానమున నుభయులకును ఒక్కటే ప్రశ్న: సాక్ష్యమేది? ఆ ప్రశ్న అడుగుటకు ముందే తీర్పు చెప్పువాడు న్యాయాధిపతి కాడు. ప్రతివాది పక్షపు వకీలు మాత్రమే.

పల్నాటివారికి ఈ విద్య క్రొత్తది కాదు. 1921లో ఇచ్చటి రైతులు పశువుల మేతపై విధించిన పుల్లరికిని, అటవీశాఖవారి నిర్బంధములకును తాళలేక సత్యాగ్రహమునకు దిగిరి. పాలకులు "రైతుకు వచ్చిన కష్టమేమి?" అని విచారింపవలసియుండగా "రైతును రేపినవాడెవడు?" అని విచారించిరి. ఉన్నవ లక్ష్మీనారాయణగారు పల్నాటి ప్రజల పక్షమున వచ్చి చెఱసాల కేగిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలియయ్యెను. ప్రశ్నను విడిచి ప్రశ్నించువానిని పట్టుకొనుట ఆ ప్రభుత్వపు నీతి.

ఆ ప్రభుత్వము పోయినది. ఆ నీతి పోయినదా? పోలేదనుటకు ఖమ్మము జిల్లా వృత్తాంతము చాలును. 2009లో, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, గర్భాశయ ముఖద్వారమునకు వచ్చు క్యాన్సరును నివారించు హెచ్.పి.వి. టీకాను 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు వేయు ప్రయోగ కార్యక్రమము అచట ప్రారంభమయ్యెను. అమెరికాకు చెందిన పాత్ అను సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు, రాష్ట్ర ప్రభుత్వమును అందులో పాలుగొనెను. బాలికలలో ననేకులు వసతిగృహములలో నుండి చదువుకొను గిరిజన బిడ్డలు. వారిలో కొందఱు మరణించిన వార్త పొక్కగా, మహిళారోగ్య కార్యకర్తలు వెళ్లి విచారించి, "ఈ బిడ్డల తలిదండ్రుల సమ్మతి తీసికొంటిరా?" అని అడిగిరి. వారికి దక్కిన బిరుదు టీకా విరోధులని!

2010 ఏప్రిలులో కార్యక్రమము నిలిచినది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము తన 72వ నివేదికలో ఆ పాత్ సంస్థను, పరిశోధన మండలిని తీవ్రముగా నభిశంసించెను. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 సమ్మతి పత్రములలో 2,763 పత్రములపై వసతిగృహపు వార్డెనుల సంతకములే యుండెను. 1,948 పత్రములపై వేలిముద్రలుండెను. ఇట్టి సంఘముల నివేదికలను న్యాయస్థానములు పరిశీలింపవచ్చునని 2018 మే నెలలో సుప్రీముకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ఈ వ్యాజ్యములోనే తీర్పు చెప్పెను. నిన్న పుకారనిపించుకొన్నది నేడు కోర్టు ముందుంచదగిన పత్రమైనది.

ఇచ్చట పాఠకులు సూక్ష్మముగా గమనింపవలసినది యొకటి కలదు. ఆనాడు రెండు మాటలు పుట్టినవి. టీకాయే బిడ్డలను చంపినదనునది మొదటిది. ప్రభుత్వము నియమించిన విచారణ సంఘమునకు అట్టి సంబంధము కనబడలేదు. సమ్మతి సక్రమముగా తీసికొనలేదనునది రెండవది. అది నిజమని తేలినది. ఒక్క ముద్రతో ఈ రెంటిని ఒకే సంచిలో కట్టివేసిన ఫలమేమి? నెలలో తేలవలసిన నిజము తేలుటకు ఏండ్లు పట్టినది. సమ్మతి పత్రముల విషయమున కల్లలాడినవారు మరణముల విషయమున సత్యము చెప్పినను నమ్మువాడు లేకపోయెను. టీకా మంచిదే; ఐనను మన జాతీయ కార్యక్రమమున దానికి పది సంవత్సరములకు పైగా చోటు దొరకకపోవుటకు ఈ వివాదము నొక కారణము. దానికి మచ్చ తెచ్చినది ప్రశ్న కాదు, దాపరికము.

"ఐన, ప్రతి పుకారును నెత్తిన బెట్టుకొందుమా?" అని యడుగువారు కలరు. వలదు. 2018 మే నెలలో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు దిగినవను అబద్ధము చేతి ఫోనులలో వ్యాపింపగా, తెలంగాణములో జనులు నిరపరాధులను కొట్టి చంపిరి. ఆ రక్తము ఆధారము లేని మాటను ఊరూరికి మోసినవారి చేతుల కంటినది. పుకారు పుట్టించువాడును తనను ఆధార మడిగినవానిని "నీవును ఆ కుట్రలోనివాడవే" యనును. అధికారి వాడు ముద్రయు, వీడు వాడు ముద్రయు ఒక్క కమ్మరి కొలిమిలోనివే. ఇద్దఱును సాక్ష్యమునకు భయపడువారే.

కావున మేము కోరునది స్వల్పము. అధికారులారా, సమాచార హక్కు చట్టము వచ్చి 2005 నుండి నేటి వఱకు రెండు దశాబ్దములు దాటినది. అడుగకమునుపే కాగితములు వెల్లడి చేయవలెనని దాని 4వ సెక్షను మీకు విధించినది. దాని ననుసరించినచో సగము పుకార్లు పుట్టకయే చచ్చును. ఆరోపించు సోదరులారా, మీ రెఱిగినదేదో, ఊహించినదేదో వేఱుచేసి చెప్పుడు. ఏ సాక్ష్యము చూపినచో మీ మాట విడుతురో అదియు ముందే చెప్పుడు. అట్లు చెప్పజాలనివాని మాట విశ్వాసమే కాని ఆరోపణ కాదు.

ఇక పఠనాలయములలోని మిత్రులు చేయవలసినది మఱింత తేలిక. తమ యెదుట నెవ్వడైన తోటివానికి ఈ ముద్ర వేసినపుడు, "అతడెట్టివాడో తరువాత చూతము, అతడు చెప్పిన మాట నిజమా, అబద్ధమా?" అని యడుగుడు. ఆ మాట అబద్ధమైన నిరూపించి త్రోసివేయుడు. నిజమైన దాచినవారి చేత జవాబు చెప్పింపుడు. పుల్లరి నాడు ఈ ప్రశ్న అడుగువారు పాలకులలో లేకపోయిరి. నేడు పాలకులు మనవారే, అడుగవలసినవారమును మనమే.