సికిల్ సెల్: కార్డు చేతిలో పెట్టి పొమ్మంటే కుదరదు

"గిరిజనుల రక్తంలోనే లోపం ఉంది" అని ఎవరన్నా ఇక ఊరుకోవద్దు. మడకశిర తాండాల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ డిగ్రీ చదువుతున్నవాళ్లం మేము. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సికిల్ సెల్ ఏజెన్సీ జబ్బు, మెట్ట మీద ఉండే మీకెందుకు అంటారు కొందరు. పాడేరు తమ్ముడిని అన్నా, ఆదిలాబాద్ అక్కను అన్నా ఆ మాట మనందరికీ తగిలేదే.

పుస్తకాల్లో చెప్పేది సగమే. బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారింది, ఎర్ర రక్తకణం కొడవలిలా వంగింది, అంతే. మరి ఆ బిడ్డ పుట్టిన మొదటి నెలల్లో ఎందుకు బాగుంటుంది? కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు గామా జన్యువుతో తయారయ్యే వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టాక కొన్ని నెలల్లో గామా తగ్గిపోయి బీటా అందుకుంటుంది. ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో చెప్పే డీఎన్ఏ భాగాలు వేరే ఉన్నాయి. అవి ప్రోటీన్ తయారు చెయ్యవు, స్విచ్‌ల లాంటివి. ఒకప్పుడు చెత్త అని కొట్టిపారేసిన డీఎన్ఏలోనే ఇవి దొరికాయి.

ఈ స్విచ్‌లు మారుతూ వచ్చాయి. ఎలుకలో గామా లాంటి జన్యువు పిండం తొలి దశలోనే పనిచేసి ఆగిపోతుంది. కోతులకూ మనుషులకూ పూర్వీకులైన జీవుల్లో అది కాన్పు దాకా సాగింది. మనం మేపే గొర్రెలు, మేకలు ఇంకో దారి పట్టాయి: బీటా జన్యువుకే ఇంకో నకలు ఏర్పడి, కడుపులోని పిల్లకు పనిచేస్తుంది.

మన దేశంలో సికిల్ జన్యువుతో ఎక్కువగా కనిపించేది అరబ్-ఇండియన్ రకం. అందులో గామా జన్యువుకు 158 అక్షరాల ముందు 'సీ' బదులు 'టీ' ఉంటుంది. వీళ్లలో పెద్దయ్యాక కూడా పసినాటి హిమోగ్లోబిన్ ఎక్కువ మిగిలి కొంత కాపాడుతుంది. సికిల్ జన్యువు ఒక్క వైపు నుంచే వస్తే తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ. అడవిలో మన పెద్దలు బతికిన చరిత్ర ఇది. దీన్ని లోపం అంటారా? అట్లని "మన దగ్గర సికిల్ అంత తీవ్రం కాదులే" అని తప్పించుకుంటే కూడా ఒప్పుకోం. సగటు లెక్క చూపిస్తే ఎముకల నొప్పి తగ్గదు.

2023 జూలై 1న మొదలైన జాతీయ మిషన్ 7 కోట్ల మందికి పరీక్ష, 2047కు నిర్మూలన అంటోంది. మంచిదే. అదే ఏడాది చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన కాస్‌గెవీ చికిత్స, గామాను అణిచే బీసీఎల్11ఏ జన్యువు స్విచ్‌ను కత్తిరిస్తుంది. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు! మన తాండాలు, గూడేలు అమ్మినా రాదు. కానీ హైడ్రాక్సీయూరియా అనే మాత్ర కూడా చాలామందిలో పసినాటి హిమోగ్లోబిన్‌ను పెంచుతుంది. జాతీయ అత్యవసర మందుల జాబితాలోనే ఉంది.

అందుకే క్యాంపు పెట్టిన చోటల్లా మూడు అడుగుదాం. పుట్టిన బిడ్డకే పరీక్ష. జబ్బున్నవాళ్లకు ప్రతి నెలా దగ్గర పీహెచ్‌సీలోనే మందు. మందు వాడేవాళ్లకు క్రమం తప్పకుండా రక్తపరీక్ష. ఇవి లేకుండా రంగు కార్డు ఒక్కటే ఇస్తే అది పెళ్లి సంబంధాలు చెడగొట్టే కాగితంగానే మిగులుతుంది.

ఇంట్లో అమ్మానాన్నలకు గోర్‌లో, కోయలో, కువిలో, గోండిలో చెప్పండి: మన రక్తం తప్పు చేయలేదు. మందు అడగడం మన హక్కు.